అక్క ఎక్కితేనే బేరం

కార్ల షోరూంలో అడుగుపెట్టిన మొదటి నిమిషంలోనే కండక్టరమ్మకు ఒళ్లు మండింది. అద్దాల తలుపు తోసుకుని ముందు వచ్చిన మనిషి ఆమె. కొనేది ఆమె. డబ్బు ఆమెది. అయినా టై కట్టుకున్న అబ్బాయి ఆమెను గుమ్మాన్ని దాటినట్టు దాటిపోయి, వెనకాల బూట్లు తుడుచుకుంటూ వస్తున్న తమ్ముడికి ఎదురెళ్లి, "వెల్కమ్ సర్, ఎలాంటి బండి చూస్తున్నారు?" అన్నాడు. తమ్ముడు ఉలిక్కిపడి అక్క వంక చూశాడు. ఆమె మాత్రం ఆ అబ్బాయికి అప్పటికప్పుడే టైబాబు అని పేరు పెట్టేసింది. అతని అసలు పేరు చొక్కా మీద రాసే ఉంది కానీ, చదవాలని ఆమెకు అనిపించలేదు.

సిటీ బస్సులో టికెట్లు కొట్టి కొట్టి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా పిలుపు పోలేదు, వీధిలో అందరికీ ఇప్పటికీ కండక్టరమ్మే. 'ఇప్పుడే ఎక్కానండీ', 'వెనకాల మా ఆయన తీసుకుంటారండీ', 'పాసు ఇంట్లో మర్చిపోయానండీ' లాంటి మాటలు ఆమె రోజూ వింది. గొంతు ఎత్తేది కాదు. అబద్ధమాడినవాడి పక్కన నిలబడి, వాడి మొహంలోకి అలా చూస్తూ ఉండేది, అంతే. వాడు కిటికీలోంచి బయటికి చూసేవాడు, బూట్లు చూసుకునేవాడు, చివరికి జేబులో చెయ్యి పెట్టేవాడు. ఆమె దగ్గర ఎవరి పప్పులూ ఉడకలేదు. మోసం చేసేవాడంటే ఆమెకు కోపం రాదు, రోత. ఆ మోసం కూడా సరిగ్గా చేతకానివాడంటే మరీ రోత. షోరూంలో అలాంటివాళ్లు వరసగా బల్లల వెనక కూర్చుని ఉన్నారు.

ఇంత రోత పడుతూ అక్కడికి ఎందుకు వెళ్లిందంటే, పెద్దక్క కోసం. అమ్మానాన్నలు పోయాక సబ్బుల ఫ్యాక్టరీలో పెట్టెలు కట్టి చెల్లెల్నీ తమ్ముణ్నీ పెంచిన మనిషి ఆవిడ. తుంటి ఎముకకు ఆపరేషన్ అయ్యాక ఎడమకాలు వంగడం మానేసింది. కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతుంది, తన పని తను చేసుకుంటుంది, ఇంకొకరి పనికి వంకలు కూడా పెడుతుంది. కానీ గేటు దాటదు. ఆపరేషన్ తరవాత ఒకసారి ఆసుపత్రి నుంచి వస్తున్నప్పుడు, దొరికిన టాక్సీ ఎత్తుగా ఉందని డ్రైవరూ వాచ్‌మనూ కలిసి ఆవిణ్ని చంకల కింద ఒకడు, కాళ్ల దగ్గర ఒకడు పట్టుకుని గోనెసంచిని ఎక్కించినట్టు ఎక్కించారు. చీర మోకాలి దాకా జరిగింది. మందుల షాపు ముందు నిలబడ్డ జనం మందులు కొనడం మానేసి చూశారు.  పెద్దక్క ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక చెప్పింది.

"ఇంకెప్పుడూ నన్ను ఎవరూ ఎత్తడానికి వీల్లేదు. పోయాక ఎలాగూ మోస్తారు. అప్పుడు నాకు తెలీదు కాబట్టి ఫర్వాలేదు."

అంతే. ఆ తరవాత ఏ బండి పిలుస్తానన్నా వద్దంది. డాక్టరు ఇంటికే వచ్చాడు, చెప్పులు కూడా చెల్లెలే కొలత తీసుకెళ్లి తెచ్చింది. పెద్దక్క కిటికీలోంచి కనపడేది ఎదురింటి గోడ, దాని మీద ఒక నీళ్ల పైపు. మొదట్లో 'మార్కెట్లో ఏం కనపడింది? ఆ మూల కొత్త షాపు తెరిచారట కదా?' అని అడిగేది. తరవాత అడగడం మానేసింది. కండక్టరమ్మకు గుండెల్లో గుచ్చుకున్నది ఆ మానేయడమే. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పక్కన పెట్టి, డ్రైవింగ్ నేర్చుకుని, ఈ వయసులో ఎందుకమ్మా అని నవ్వినవాళ్లను నవ్వనిచ్చి, ఒకటే నిర్ణయించుకుంది. అక్క తనంతట తాను ఎక్కి, తనంతట తాను దిగగలిగే బండి కావాలి. సీటు అక్క మంచం అంత ఎత్తు ఉండాలి, వంగని కాలు చాపుకునేంత వెనక్కి జరగాలి. ఆ బండికి రంగు ఏదైనా సరే.

ఇదంతా ఆమె టైబాబుకు విడమరచి చెప్పింది. అతను తల ఊపుతూ విని, తమ్ముడి వైపు తిరిగి, "అయితే సర్, మనం పెద్ద బండికే వెళ్దాం. రోడ్డు మీద ఆ గౌరవమే వేరు," అని ఏనుగంత బండి ముందు నిలబెట్టాడు.

"ఇది ఎక్కడానికి నిచ్చెన కూడా మీరే ఇస్తారా?" అంది కండక్టరమ్మ.

"మేడమ్ భలే జోక్ వేస్తారు సర్," అన్నాడు టైబాబు, మళ్లీ తమ్ముడితోనే.

ఆమె అతన్ని అక్కడే వదిలేసి, వరసలో ఉన్న ఒక్కో బండి పక్కనా నిలబడి, అక్క మంచం తన తొడ మీద ఎంతవరకు వస్తుందో చేత్తో ఆనవాలు పెట్టుకుని, సీట్లు చూసుకుంటూ పోయింది. చివరి మూల, ఎవరూ తుడవని చోట, మధ్యరకం ఎత్తున్న చిన్న తెల్లబండి ఒకటి దొరికింది. ముందు సీటు వెనక్కి జరిపి చూసింది. జరిగింది. తలుపు బార్లా తెరిచి చూసింది. తెరుచుకుంది. "ఇది. దీన్ని ఒకసారి మా ఇంటికి తీసుకురండి. మా అక్క ఎక్కి కూర్చుని, దిగి, బాగుందంటే కొంటాను. లేదంటే లేదు," అని చెప్పేసింది.

టైబాబు మొహంలో ఇబ్బంది కనిపించింది. అంతవరకూ 'మనం రంగు చూసుకుందాం', 'మనకి ఇందులో ఆఫర్ ఉంది', 'మనం ఇవాళే బుక్ చేసేద్దాం' అంటూ వాళ్లింట్లో పుట్టిపెరిగినట్టు మాట్లాడినవాడు, బండి ఇంటికి తెమ్మనేసరికి పరాయివాడైపోయాడు. మా రూల్స్ ఒప్పుకోవు మేడమ్, మా దగ్గర ఆ పద్ధతి లేదు మేడమ్, మా చేతుల్లో ఏముంది మేడమ్. డబ్బు కట్టడానికి మనం, పని చేయడానికి మేము. ఆ తేడా కండక్టరమ్మ చెవిలో ముల్లులా దిగింది. ఇలా గోడ మీద పిల్లిలా మాట మార్చేవాళ్లను బస్సులో ఆమె చాలామందినే చూసింది, కానీ వాళ్లెవరూ టై కట్టుకోలేదు.

"ముందు ఎస్టిమేట్ తీయిస్తాను మేడమ్, అప్పుడు మేనేజర్ గారితో మాట్లాడదాం," అని టైబాబు ఆమెను సోఫాలో కూర్చోబెట్టి, తమ్ముణ్ని మాత్రం 'ఒక్క నిమిషం సర్' అంటూ బండి దగ్గరికి లాక్కుపోయాడు. ఆమె చూస్తూనే ఉంది. వాడు ఏదో చూపించడం, తమ్ముడు మెడ వంచి ఏదో అనడం, వాడు రాసుకోవడం. మళ్లీ చూపించడం, అనడం, రాసుకోవడం.

ఇక్కడ తమ్ముడి గురించి ఒక మాట చెప్పాలి. జిరాక్స్ షాపు నడుపుకునే మెత్తటి మనిషి. పుట్టి బుద్ధెరిగాక వద్దు అన్న మాట అతని నోట్లోంచి రాలేదు. దానికి బదులు 'చూద్దాం' అంటాడు. అప్పు అడిగినవాడికి చూద్దాం. షాపు పక్కన బండి పెట్టుకోనివ్వమన్నవాడికి చూద్దాం. సెలవుల్లో ఎక్కడికైనా తీసుకెళ్లమని పెళ్లాం అడిగితే చూద్దాం. ఆ మాట వినగానే ఆవిడ మారు మాట్లాడకుండా తన పనిలోకి వెళ్లిపోతుంది, ఎందుకంటే ఆ సంగతి అక్కడితో సమాధి అయిందని ఆవిడకు తెలుసు. చుట్టాలందరికీ తెలుసు. ఆ మాటకొస్తే, మొహమాటం ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ మాటకు ఒకటే అర్థం.

కాగితం వచ్చింది. బండి ధర కింద బారెడు జాబితా. సీటు కవర్లు, కాళ్ల కింద పట్టాలు, అద్దాలకు ఫిల్ము, అడుగున తుప్పు పట్టకుండా పూత, ఆ పూత మీద ఇంకో పూత, వెనక కెమెరా, సువాసన డబ్బా. నాలుగు చక్రాలకు విడిగా ధర వేయలేదు, అదొక్కటే దయ.

"ఇవన్నీ ఏంటి?" అని అడిగింది కండక్టరమ్మ.

"సర్ ఓకే చేసినవే మేడమ్."

ఆమె తమ్ముడి వంక తిరిగింది. "ఏరా?"

తమ్ముడు నీళ్లు నమిలాడు. "నేనెక్కడ ఓకే చేశానక్కా? అన్నింటికీ చూద్దాం అన్నాను."

"అదే కదా సర్," అన్నాడు టైబాబు, పళ్లన్నీ కనపడేలా. "చూద్దాం అన్నారు, అందుకే పెట్టాం. నచ్చకపోతే అప్పుడు చూద్దాం."

కండక్టరమ్మ కాగితాన్ని బల్ల మీద పెట్టి, అతని మొహంలోకి పాత అలవాటుగా చూసింది. "బాబూ, నువ్వు మీ మేనేజర్‌ని జీతం పెంచమని ఎప్పుడైనా అడిగావా?"

"అడిగాను మేడమ్."

"ఏమన్నాడు?"

టైబాబు పక్క బల్ల వైపు చూశాడు. "చూద్దాం అన్నారు మేడమ్."

"పెరిగిందా?"

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గుతో కప్పేసుకున్నారు. టైబాబు పెన్ను తీసి పైనుంచి కిందికి ఒకటే గీత గీశాడు. సువాసన డబ్బా దగ్గర కొంచెం ఆగాడు, అది ఫ్రీగా ఇద్దామనుకున్నాడేమో, ఆమె చూపు చూసి దాన్నీ కొట్టేశాడు. ఆ పూట ఆమెకు కాస్త హాయిగా అనిపించిన క్షణం అదొక్కటే.

తరవాత మేనేజర్ గదిలోకి పిలిచారు. అక్కడ గాలి చల్లగా ఉంది, కుర్చీలు మెత్తగా ఉన్నాయి, మేనేజర్ అంతకంటే మెత్తగా ఉన్నాడు. టైబాబు మొరటువాడు, ఈయన వెన్నపూస. అరచేతిలో వైకుంఠం చూపించడంలో ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్నవాడిలా చేతులు రెండూ తిప్పుతూ మాట్లాడాడు.

"మిమ్మల్ని చూస్తే మా అమ్మ గుర్తొస్తోందండీ. అమ్మలాంటి మీ దగ్గర నేను దాస్తానా?"

"మీ అమ్మకు కూడా ఇదే ధర చెప్తారా?"

మేనేజర్ నవ్వాడు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆఫర్ ఈరోజుతో అయిపోతుందన్నాడు. ఆ తెల్లబండి కోసం ఇంకో పార్టీ దారిలో ఉందన్నాడు. ఎవరూ తుడవని బండి కోసం ఇద్దరు కొట్టుకుంటున్నారన్నమాట, అనుకుంది కండక్టరమ్మ. ఆయన చెప్పింది చివరిదాకా వింది. విని, "మీ ధర ఇందాక కాగితం మీద రాశారు. ఆ ధరకు నేను సిద్ధం. కానీ బండి మా ఇంటికి రావాలి, మా అక్క ఎక్కాలి. అక్క ఎక్కితేనే బేరం," అంది.

"ముందు అడ్వాన్స్ కట్టేయండి, సాయంత్రానికి బండి మీ గుమ్మంలో ఉంటుంది."

"టికెట్ కొట్టాక బస్సు వస్తుందో రాదో చూసుకోమంటారా? నేను ఆ పని ఎవరికీ చేయలేదు," అని లేచింది. తమ్ముడు లేవాలా వద్దా అన్నట్టు సగం లేచి ఉండిపోయాడు. వాళ్లు తలుపు దాకా వచ్చారు, పార్కింగ్ దాకా వచ్చారు, అమ్మా అన్నారు, ఆంటీ అన్నారు, చివరికి ఆమెను కూడా సర్ అన్నారు. ఆమె వెనక్కి తిరగలేదు.

ఆ తరవాత ఫోన్లు మొదలయ్యాయి. కూర దించేటప్పుడు ఒకటి, కునుకు పట్టేటప్పుడు ఒకటి. ఒకరోజు ధర పెరగబోతోందని, ఒకరోజు కేవలం ఆమె కోసమే ఆపి ఉంచామని. ప్రతిసారీ ఆమె అదే మాట చెప్పేది, "బండి తీసుకురండి." నెలాఖరు దగ్గరపడేసరికి వాళ్లు అమ్మాల్సిన లెక్కలో ఒక బండి తక్కువైందో ఏమో, కదలని రూల్స్ కదిలాయి. పొద్దున్నే తెల్లబండి గేటు ముందుకు వచ్చింది. టైబాబు నడిపాడు, మేనేజర్ స్వయంగా పక్క సీట్లో వచ్చాడు. ఈసారి బండి కడిగి తెచ్చారు.

పెద్దక్కను ఒప్పించడానికి అంతకంటే ఎక్కువే కష్టపడాల్సి వచ్చింది. "ఒక్కసారి. కుదరకపోతే మళ్లీ అడగను," అని చెల్లెలు అన్నాక, మంచి చీర కట్టుకుని, కర్ర పట్టుకుని గేటు దాటి వచ్చింది. వీధిలో ఒకరిద్దరు తలుపుల్లో నిలబడ్డారు. ఆవిడ వాళ్లను చూసింది, చూపు తిప్పుకుంది. టైబాబు ఆవిడ దగ్గరికి ఉరికి, "నేనున్నాను కదమ్మా, ఎత్తి కూర్చోబెడతాను," అని చేతులు చాపాడు.

కండక్టరమ్మ అతనికీ అక్కకూ మధ్యలో వచ్చి నిలబడింది. "చేతులు జేబులో పెట్టుకో బాబూ."

పెద్దక్క బండికి వీపు పెట్టి నిలబడింది. ఒక చేత్తో తలుపు పైఅంచు, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని మెల్లగా సీటు మీద కూర్చుంది. మంచం మీద కూర్చున్నట్టే కూర్చుంది. కుడికాలు లోపల పెట్టింది. వంగని కాలు బండి తలుపు చట్రానికి తగిలి ఆగిపోయింది.  ఆవిడ వెనక్కి జరిగి, చీర కుచ్చిళ్లు మోకాలి దగ్గర పట్టుకుని, రెండు చేతులతో తన కాలిని తనే ఎత్తి లోపల పెట్టుకుంది. తలుపు తనే లాక్కుంది. అద్దంలోంచి ఎదురింటి గోడ కాకుండా వీధి చివరిదాకా కనపడుతోంది. పెద్దక్క మొహం చిన్నపిల్ల మొహంలా విప్పారింది. చెల్లెలు ఆ మొహాన్ని చూసి ఎన్నాళ్లయిందో.

చెల్లెలితో పాటు మేనేజర్ కూడా చూశాడు. ఇన్నాళ్లూ ఈ మనిషి దగ్గర దొరకనిది ఇప్పుడు చేతికి దొరికిందని అతనికి అర్థమైపోయింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"చూశారా అమ్మగారి మొహం ఎలా వెలిగిపోతోందో. ఇలాంటప్పుడు బేరాలేంటండీ? ఆ పాత ధర అయితే ఇప్పుడు లేదు. కవర్లూ పూతా కలిపి కొత్త కాగితం తెచ్చాను, ఇక్కడ సంతకం పెడితే సరిపోతుంది." కాగితం ఆమె ముందుకు జరిపాడు. "లేదంటే చెప్పండి, అమ్మగారిని దింపేస్తాం."

ఇంత నీచమైన మాటను ఇంత మెత్తగా అన్నవాణ్ని కండక్టరమ్మ తన సర్వీసు మొత్తంలో చూడలేదు. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. టికెట్ లేని ఎంతమందినో దిగు అన్న నోరు ఆమెది. ఆ ఒక్క మాట ఇప్పుడు అనాలి. అంటే ధర నిలబడుతుంది. కానీ ఎవరితో అనాలి? మళ్లీ ఎక్కుతుందో లేదో తెలియని అక్కతోనా? ఆ మాట అనలేకపోయింది. పోనీ, ఇచ్చేస్తే ఏం పోయింది, వెధవ పూతలు, పూయించుకుంటే చస్తామా అనుకుంది. చెయ్యి తనంతట తనే సంచిలోకి, పెన్ను కోసం వెళ్లింది.

తలుపు తెరుచుకున్న చప్పుడైంది. పెద్దక్క ముందు కర్ర బయట పెట్టింది. తరవాత రెండు చేతులతో వంగని కాలు, ఆ తరవాత రెండో కాలు. తలుపు అంచు పట్టుకుని లేచి నిలబడింది. ఆయాసం తీర్చుకుని, చీర సర్దుకుని, తలుపు తనే వేసింది.

"ఏమే, సంచిలో చెయ్యి పెట్టావేం? తియ్యి," అంది చెల్లెలితో. తరవాత మేనేజర్ వైపు తిరిగింది. "నాకు చెవుడు లేదు బాబూ. నీ బండి బాగుంది. ఎక్కడం వచ్చింది, దిగడం వచ్చింది. నాకు తెలియాల్సింది అంతవరకే. ఇంత ఎత్తు బండి ఊళ్లో నీ ఒక్కడి దగ్గరే ఉందా?"

మేనేజర్ మొహం మాడిపోయింది. అమ్మగారూ, నా ఉద్దేశం అది కాదండీ, పాత ధరకే ఇచ్చేద్దాం, కాగితం ఇప్పుడే మార్చేద్దాం అంటూ గేటు దాకా వెంటపడ్డాడు. అప్పటికి కండక్టరమ్మకు మాట తిరిగొచ్చింది. "పాత ధరకు మీ అమ్మకు అమ్ముకోండి," అని గేటు వేసేసింది. బండి చాలాసేపు వీధిలోనే ఉంది. లోపల టైబాబు మేనేజర్ చేత తిట్లు తింటున్నట్టు కనపడ్డాడు. జాలి పడదామని చూసింది కానీ రాలేదు.

మర్నాడు తమ్ముడు ఫోన్ చేసి ఆ తెల్లబండి రకం టాక్సీ ఒకటి పిలిపించాడు. ఊరికి అవతలి కొసన అదే కంపెనీ బండ్లు అమ్మే ఇంకో షోరూం ఉంది, అక్కడికి వెళ్లాలని చెల్లెలి ఆలోచన. అక్కణ్నుంచి బండి ఇంటికి తెప్పించే గొడవే అక్కర్లేదు, అక్కే వస్తోంది. పెద్దక్క ముందు సీట్లో తనంతట తాను ఎక్కింది, డ్రైవర్ సాయానికి రాబోతే కర్ర అడ్డం పెట్టింది. చెల్లెలు వెనక కూర్చుంది. దారిలో మేనేజర్ నుంచి ఫోన్ వస్తే కట్ చేసింది.

మార్కెట్ వీధిలోకి వచ్చాక పెద్దక్క, "ఇక్కడ కాస్త ఆపు బాబూ," అంది.

"ఏం కొనాలక్కా?" అని అడిగింది కండక్టరమ్మ వెనకనుంచి, కంగారుగా. "నేను దిగి తెస్తాను, నువ్వు కూర్చో."

"కొనేదేం లేదు. దిగాలనిపించింది."

పెద్దక్క తలుపు తెరిచి, కర్ర పెట్టి, కాలు పెట్టి, దిగింది. జనం మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసింది. ఎవరూ ఆవిణ్ని పట్టించుకోలేదు, పక్కనుంచి తప్పుకుని ఎవరి పనిమీద వాళ్లు పోయారు. కాసేపటికి వచ్చి ఎక్కింది. రెండు వీధులు దాటాక మళ్లీ ఆపమంది. మళ్లీ దిగింది. కండక్టరమ్మ ఏడుపు ఆపుకోలేక అద్దం వైపు తిరిగి కూర్చుంది.

డ్రైవర్ అయోమయంగా వెనక్కి చూశాడు. "అమ్మగారికి ఏమైనా కావాలాండీ? ఏదైనా వెతుకుతున్నారా?"

"ఏమీ వద్దు బాబూ," అంది కండక్టరమ్మ. "ఆవిడ ఆపమన్న చోటల్లా ఆపు. ఎక్కేదాకా ఉండు, అంతే."